ప్రింటర్ ఐపీ మారిపోకుండా స్విచ్‌లోనే కట్టేయడం ఎలా

మొన్న వేసవిలో ఒక సాయంత్రం ఆరున్నరకి ఫోన్ వచ్చింది. విశాఖ మహారాణిపేటలో నేను నెట్‌వర్క్ చూసే ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ రిసెప్షన్ అమ్మాయి. "అన్నా, కరెంటు పోయి వచ్చింది. అప్పట్నుంచి ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. రిపోర్టుల కోసం పదిహేను మంది కూర్చున్నారు" అంది. డాబాగార్డెన్స్ నుంచి బండి మీద పది నిమిషాల్లో వెళ్లాను. ప్రింటర్‌కి ఏమీ కాలేదు. పొద్దున దాని ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, చివర 104, ఇప్పుడు 117. బిల్లింగ్ కంప్యూటర్ మాత్రం ఇంకా 104కే పంపుతోంది. ఆ 104 ఇప్పుడు ఎవరిదో మొబైల్‌ది. ఒక పెద్దాయన షుగర్ రిపోర్టు పట్టుకుని రాత్రి బస్సుకి శ్రీకాకుళం వెళ్లాలట, గడియారం వంకే చూస్తున్నారు. ఆ రోజే అనుకున్నాను, ఈ ల్యాబ్‌లో ఏ ముఖ్యమైన పరికరం అడ్రసూ ఇక మారకూడదని.

ఎందుకు మారిందంటే, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు తనే పంచిపెట్టే పద్ధతి) ఇచ్చే అడ్రస్ సొంతం కాదు, అద్దెకి. సిస్కో ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ నడిచే నెట్‌వర్క్ స్విచ్‌లో (పరికరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) మనం వేరే చెప్పకపోతే ఆ అద్దె గడువు, లీజు, ఒక రోజు. సగం గడువు దాటగానే పరికరం తనే అడిగి పొడిగించుకుంటుంది కాబట్టి మామూలు రోజుల్లో అదే అడ్రస్ ఉంటుంది. కానీ ఆ లీజుల పట్టికని ఎక్కడైనా ఫైలుగా దాచమని చెప్పకపోతే, స్విచ్ ఆగి లేచేసరికి అది చెరిగిపోతుంది. ప్రింటర్ కూడా పాత నంబరు మర్చిపోయి లేచిందంటే, అప్పుడు ఖాళీగా ఉన్నదేదో దానికి దొరుకుతుంది.

"ప్రింటర్ మెనూలోనే స్టాటిక్ ఐపీ కొట్టేస్తే పోలేదా" అని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. సర్వీసుకి వచ్చినవాళ్లు ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అది పోతుంది. ఏ పరికరానికి ఏ నంబరు పెట్టారో ఎక్కడా రాసి ఉండదు. ఈ పరికరానికి ఈ నంబరే అని స్విచ్‌లో రిజర్వ్ చేస్తే లెక్క అంతా ఒక్క చోట ఉంటుంది, రీసెట్ అయిన ప్రింటర్ కూడా తిరిగొచ్చి అదే నంబరు తీసుకుంటుంది.

మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోండి. అడ్రసులు ఇస్తున్నది నిజంగా స్విచ్చేనా? మామూలు ఎనిమిది పోర్టుల స్విచ్‌కి ఆ పని రాదు, సెట్టింగ్స్ రాసుకోగలిగే మేనేజ్డ్ రకం కావాలి. ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన రూటర్‌లో కూడా డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంటే ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల అడ్రసే పడుతుంది, మీ రిజర్వేషన్ ఒకరోజు పనిచేసి ఇంకోరోజు పనిచేయదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరసలో ఎవరి అడ్రస్ ఉందో చూడండి. స్విచ్ కాకుండా రెండో డీహెచ్‌సీపీ ఉంటే దాన్ని ఆపేయండి.

తర్వాత కాగితం మీద నంబర్లు పంచుకోండి. మా ల్యాబ్‌లో 192.168.10 వరస. 1 గేట్‌వే (ఇంటర్నెట్‌కి వెళ్లే దారి), 2 స్విచ్, 20 నుంచి 49 వరకు కదలకూడని పరికరాలు, 100 నుంచి 200 వరకు వచ్చేపోయే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు. ప్రింటర్‌కి 21, సీసీటీవీ రికార్డర్‌కి 25, వేలిముద్రల హాజరు మెషీన్‌కి 30.

అసలు జాగ్రత్త పడాల్సింది మాక్ అడ్రస్ దగ్గర, అంటే స్విచ్ పరికరాన్ని గుర్తుపట్టే, తయారీలోనే పడే నంబరు. స్టిక్కర్ మీద చూసి రాసుకోకండి. ఆ చిన్న అక్షరాల్లో 8కి, ఇంగ్లీషు బీకి తేడా తెలియదు. పైగా లాన్, వైఫై రెండూ ఉన్న ప్రింటర్‌కి రెండు మాక్‌లు ఉంటాయి, స్టిక్కర్ మీద ఉన్నది ఏదో ఒకటే కావచ్చు. ప్రింటర్‌ని వాడే కేబుల్‌తోనే కలిపి, స్విచ్‌లో షో ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్ కొట్టండి. ప్రింటర్‌కి ఇప్పుడున్న ఐపీ పక్కన స్విచ్ దాన్ని ఏ పేరుతో గుర్తుపడుతోందో కనిపిస్తుంది. అదే కాపీ చేసుకోండి.

చాలా పరికరాలకి అక్కడ మాక్ ముందు 01 అదనంగా కనిపిస్తుంది. అది క్లయింట్ ఐడెంటిఫయర్, 01 అంటే ఈథర్‌నెట్ అని. మాక్ 00-24-81-53-90-67 అనుకోండి, సిస్కోలో అది 0100.2481.5390.67 అవుతుంది. 01 చేరడంతో అంకెలన్నీ జరిగి, చుక్కలు కొత్త చోట్ల పడతాయి. రిజర్వేషన్ పెట్టినా పనిచేయట్లేదని నన్ను పిలిచినప్పుడు ముందు ఇదే చూస్తాను. 01 లేకుండా వట్టి మాక్ పంపే పరికరమైతే క్లయింట్ ఐడెంటిఫయర్ బదులు హార్డ్‌వేర్ అడ్రస్ అనే కమాండ్ వాడాలి.

ఇక టైపింగ్. కాన్ఫిగ్ మోడ్‌లోకి వెళ్లి, ముందు ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్ అడ్రస్‌తో 1 నుంచి 19 వరకు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టండి. 50 నుంచి 99, 201 నుంచి 254 కూడా అలాగే. 20 నుంచి 49 వరకు ఇంకా ఎవరికీ రాయని నంబర్లను కూడా అందులో చేర్చండి, లేకపోతే అవి ఫోన్లకి వెళ్లిపోతాయి. అందరికీ అడ్రసులు పంచే మామూలు పూల్‌లోనే హోస్ట్ కమాండ్‌తో రిజర్వేషన్ రాయడం కుదరదు, నెట్‌వర్క్ కమాండ్ ఉన్న పూల్ దాన్ని ఒప్పుకోదు. ఒక్కో పరికరానికి ఒక్కో కొత్త పూల్ చేయాలి. ఐపీ డీహెచ్‌సీపీ పూల్ అని కొట్టి ప్రింటర్ అని పేరు పెట్టండి. లోపల హోస్ట్ 192.168.10.21 255.255.255.0, కింద క్లయింట్ ఐడెంటిఫయర్, డిఫాల్ట్ రూటర్, డీఎన్‌ఎస్ సర్వర్. సిస్కోలోనే చిన్న ఆఫీసుల స్విచ్‌లయితే బ్రౌజర్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ కింద స్టాటిక్ హోస్ట్స్ అనే పేజీలో ఇవే గడులు నింపితే చాలు.

ప్రింటర్ ఇంకా పాత లీజు మీదే ఉంటుంది కాబట్టి క్లియర్ ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్ కొట్టి, పక్కన దాని పాత అడ్రస్ ఇచ్చి, ప్రింటర్‌ని ఆపి మళ్లీ వేయండి. కంప్యూటర్ అయితే ఐపీకాన్ఫిగ్ రిలీజ్, రెన్యూ సరిపోతాయి. తర్వాత బిల్లింగ్ కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ తెరిచి 104ని 21గా మార్చండి. ఇది మర్చిపోతే పైన చేసిందంతా చేసినా కాగితం బయటికి రాదు.

సేవ్ చేయడం మరిచిపోవద్దు, కాపీ రన్నింగ్ కాన్ఫిగ్ స్టార్టప్ కాన్ఫిగ్. గాజువాకలో ఒక ఆఫీసుకి అన్నీ రాసి, టెస్ట్ చేసి, ఇది కొట్టకుండా వచ్చేశాను. రెండు రోజులకి కరెంటు పోయింది, రాసిందంతా పోయింది. వాళ్ల ముందు నిలబడి మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఫోన్లు, ట్యాబ్‌లకి రిజర్వ్ చేసేటట్లయితే ఇంకో పని ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లలో ఐఓఎస్ 14 నుంచి వైఫైకి అసలు మాక్ బదులు రాండమ్ మాక్ ఇవ్వడం మామూలు. మాక్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది దాదాపుగా అలాంటిదే. శాంపిళ్లు తీసుకొచ్చే కుర్రాడి ట్యాబ్‌లో ఆ వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి డివైస్ మాక్ వాడమని మార్చాకే నంబరు రాశాను.

చివరి పరీక్ష మాత్రం కరెంటుతోనే చేయండి. ల్యాబ్ మూసేశాక ర్యాక్, ప్రింటర్, కంప్యూటర్లు అన్నిటికీ ఎంసీబీ దించేశాను. ఒక నిమిషం ఆగి ఎత్తాను. స్విచ్ లేవడానికి కొన్ని నిమిషాలు పట్టింది, ప్రింటర్ అంతకంటే ముందే లేచి, అడ్రస్ ఇచ్చేవాళ్లు లేక, అలాంటప్పుడు తనకి తనే పెట్టుకునే 169.254 వరసలోకి వెళ్లింది. కంగారు పడకుండా కాసేపు ఆగితే స్విచ్ దొరికాక తనే 21కి వచ్చింది. ఒక పాత రిపోర్టు ప్రింట్ కొట్టి చూశాం, వచ్చింది. నంబర్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించాను, మన సముద్రపు తేమకి వట్టి కాగితం నిలవదు.