రోబో నడక యంత్రం ఎక్కించే ముందు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లకు పక్షవాతం వస్తే విశాఖ బండెక్కడం అలవాటే. ఈమధ్య "రోబో నడిపిస్తుందట" అన్న ఆశ కూడా తోడవుతోంది. ఆశ మంచిదే. కానీ ఆ యంత్రం ఫిజియోథెరపీకి తోడు మాత్రమే, దాని బదులు కాదు. లోకోమాట్ అనే రోబో యంత్రం లాంటి వాటిలో పట్టీలతో పైనుంచి ఒంటి బరువు మోస్తూ, ట్రెడ్‌మిల్ (కదిలే పట్టా) మీద రోబో కాళ్లను కదిలిస్తుంది. రోగి కూడా అడుగు వేయాలని ప్రయత్నించాలి. పక్షవాతం వచ్చిన మొదటి 3 నెలల్లో, అసలు నడవలేని వాళ్లకే ఎక్కువ మేలు. కర్ర పట్టుకుని నడిచేస్తున్న మనిషి కోసం అప్పు చేసే ముందు డాక్టర్ని గట్టిగా అడగండి.

అన్నిటికన్నా ముందు పిక్కలు చూడండి. కదలని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ ఉంటుంది, దానికి గంటల తరబడి రైల్లో కూర్చోవడం తోడవుతుంది. ఒక పిక్కే వాచినా, వేడిగా ఉన్నా, నొక్కితే నొప్పి పుట్టినా యంత్రం ఎక్కించకుండా ముందు డాక్టరుకు చూపించండి. దయచేసి ఆ కాలికి నూనె పెట్టి మర్దన చేయకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

బీపీ మాత్ర మానొద్దు. ఇంతకుముందు ఎముక విరిగినా, ఎముకల బలహీనత, పుండ్లు ఉన్నా దాచకుండా చెప్పండి. లోకోమాట్ ఎక్కే రోగి బరువుకు 135 కిలోల పరిమితి ఉంది. చీర, పంచె వద్దు. మెత్తటి కాటన్ ప్యాంటు, మడమ పట్టే బూట్లు వేయండి. దిగాక పట్టీల కింద చర్మం చూడండి, షుగర్ ఉన్నవాళ్లకు ఒరుసుకున్నా తెలియదు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగొద్దు, భుజం జారుతుంది.

మాట పోయినవాళ్లు నొప్పి అని చెప్పలేరు. అందుకే మంచి చేత్తో "ఆపు" అనే సైగ ఒకటి ఇంట్లోనే నేర్పండి, ఫిజియోకూ చూపించండి. అమ్మమ్మకు ఒడియానే బాగా అర్థమవుతుందంటే ఆ సంగతీ మొదటి రోజే చెప్పండి.