హైదరాబాద్‌లో లాబ్రడార్‌కు ఫీల్డ్ ట్రయల్ శిక్షణ: విసరడం తక్కువ, ఆపడం ఎక్కువ

బంతి విసరగానే దూసుకెళ్లి తెచ్చే లాబ్రడార్‌ను చూసి సగం శిక్షణ అయిపోయిందనుకుంటారు చాలామంది. ఫీల్డ్ ట్రయల్ అనే వేటకుక్కల పోటీ లెక్కలో అది తిరోగమనం. పరుగెత్తడం, నోట కరచుకుని తేవడం రిట్రీవర్‌కు, అంటే కాల్చిన పక్షిని వెతికి తెచ్చే జాతి కుక్కకు, పుట్టుకతో వచ్చే గుణాలే. పంపకముందే పరుగందుకున్న కుక్కను మాత్రం జడ్జి ఆ ఒక్క తప్పుకే ఇంటికి పంపేస్తాడు. వరుసలో కూర్చుని మూలిగినా, మొరిగినా, నీళ్లలోకి దిగనన్నా, పక్షిని పళ్లతో నలిపినా అదే గతి.

బ్రిటన్‌లో ఫీల్డ్ ట్రయల్ అంటే అసలైన వేటే. ఆ రోజు కాల్చిన పక్షులను కుక్క వెతికి తేవాలి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను చంపడమే కాదు, ఉచ్చు వేయడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. కాబట్టి ఇక్కడ చేయగలిగింది పక్షులకు బదులు గుడ్డ డమ్మీలతో జరిపే వర్కింగ్ టెస్ట్. అక్కడ కూడా కుర్ర కుక్కలు ముందు ఇందులోనే ఆరితేరుతాయి. శంషాబాద్, శామీర్‌పేట వైపు పొలాల్లో నెమళ్లు తిరుగుతుంటాయి, వాటి వెంట కుక్కను పోనివ్వకండి. నెమలి కనిపించినప్పుడు కుక్కను కూర్చోబెట్టి, అది నడిచి వెళ్లిపోయేదాకా ఆపగలిగితే ఆ రోజు పాఠం బాగా సాగినట్టే.

సామాను ఎక్కువేమీ అక్కర్లేదు. పెద్ద కుక్కకు అర కిలోకు కాస్త అటూ ఇటుగా, పిల్లకు పావు కిలో బరువుండే డమ్మీలు చాలు. ఇంట్లోనే కుట్టుకోవచ్చు. మూతబిగించిన పావు లీటరు ఖాళీ ప్లాస్టిక్ సీసా చుట్టూ పాత గుడ్డ చుట్టి, పైన రెండు పొరల జీన్స్ గుడ్డ కుట్టి, ఒక చివర మూరెడు తాడు కట్టి ముడి వేయండి. సీసా ఉంటే నీళ్లలో తేలుతుంది. వంటింటి కాటా మీద తూచి చూసుకోండి. రంగు విషయంలో చాలామంది పొరబడతారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కుక్క కంటికి సరిగా తెలియదు. నారింజ రంగు డమ్మీ పచ్చగడ్డిలో మీకు కనిపిస్తుంది గానీ దానికి కనిపించదు. పడుతుండగా చూడాల్సిన డమ్మీ తెల్లదో నల్లదో ఉండాలి, ముక్కుతో వెతకాల్సినది నారింజ రంగుది. విజిల్ ఆక్మే (Acme) కంపెనీ 210.5 నంబరుది తీసుకోండి. ఒక్కో నంబరుకు ఒకే శ్రుతి ఉంటుంది కాబట్టి పోగొట్టుకున్నా అదే మోత మళ్లీ దొరుకుతుంది. ఒక పొడుగు ఊత అంటే కూర్చో, వరసగా చిన్న ఊతలంటే రా.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారతాయి. అప్పుడు డమ్మీ పట్టించకండి. చిగుళ్లు నొచ్చి, నోట్లో పెట్టుకున్నది ఉమ్మేసే అలవాటు పడుతుంది. ఆ నెలల్లో కూర్చోవడం, పక్కన నడవడం, విజిల్‌కు రావడం నేర్పండి. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ కారిడార్ లాంటి ఇరుకు సందులో మొదలుపెట్టండి. అటూ ఇటూ గోడలు ఉంటే డమ్మీతో పారిపోవడానికి దారి ఉండదు, నేరుగా మీ దగ్గరికే వస్తుంది. రాగానే లాక్కోకండి. గడ్డం కింద చేయి పెట్టి, ఛాతీ నిమిరి, ఆపైన తీసుకోండి. చేతికి చేరకముందే కింద పడేస్తుంటే మీరు ముందుకు వంగుతున్నారని అర్థం. నిటారుగా నిలబడి రెండడుగులు వెనక్కి వేయండి, తల పైకెత్తి తెస్తుంది. నోట్లో నములుతుంటే విసరడం ఆపేసి, కూర్చోబెట్టి పట్టుకోవడం ఒక్కటే నేర్పండి. డమ్మీని లాగే ఆట ఎప్పుడూ వద్దు, నోరు బిగించే గుణానికి బీజం అదే.

ఇక అసలు పని. పది డమ్మీలు విసిరితే ఆరేడు మీరే నడిచి వెళ్లి తీయండి, కుక్క కూర్చుని చూస్తుండాలి. దానికిచ్చే మూడు నాలుగింటికి కూడా పడిన వెంటనే పంపకండి. ఐదు అంకెలు లెక్కపెట్టి, ఒకసారి పదీ, ఒకసారి ఇరవై లెక్కపెట్టి పేరు పిలిచి పంపండి. ఎప్పుడూ ఒకే వ్యవధి ఉంటే కుక్క మాట వినడం మానేసి లెక్క నేర్చుకుంటుంది. మొదట్లో తాడు మెడకు కట్టకుండా పట్టీలోంచి దూర్చి రెండు కొసలూ మీ చేతిలో పట్టుకోండి. పంపేటప్పుడు ఒక కొస వదిలితే చాలు.

చూసిన డమ్మీని తేవడం 20 మీటర్లతో మొదలుపెట్టి 60 దాకా పెంచవచ్చు. విసిరేది మీరు కాదు, దూరాన నిలబడిన ఇంకో మనిషి. చేతిలోంచి పోయిన డమ్మీనే చూడటం అలవాటైన కుక్క దూరాన పడిన దాన్ని పట్టించుకోదు. తక్కువ దూరంలోనే ఆగి వెతుకుతుంటే గాలి ఎటు వీస్తోందో చూడండి. పడిన చోటు నుంచి కుక్క వైపు గాలి వస్తే వాసన తేలిగ్గా తగులుతుంది, కుర్ర కుక్కకు మొదటి వారాలు అలాగే పెట్టాలి. మోకాలెత్తు గడ్డిలో దొరకక తిరిగొస్తే తిట్టకండి. విసిరిన మనిషి అక్కడే చప్పుడు చేసి సాయం చేయాలి.

చేతి సైగలకు ప్రహరీ గోడ బాగా పనికొస్తుంది. గోడ వెంట ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెట్టి కుక్కను మధ్యలో మీకు ఎదురుగా కూర్చోబెట్టండి. చేయి చాపిన వైపే వెళ్లాలి. వెనక్కి వెళ్లమనే సైగ చివర్లో, చేయి నిటారుగా ఎత్తి నేర్పండి. ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది. విజిల్‌తో ఆపడం వచ్చిందన్న సంబరంలో ప్రతి పరుగునూ ఆపుతారు. నాలుగు రోజుల్లో కుక్క ఇరవై గజాలు వెళ్లి తనే ఆగి వెనక్కి చూడటం మొదలుపెడుతుంది. ఐదు పరుగుల్లో ఒకసారి ఆపితే చాలు.

తుపాకీ మోతకు అలవాటు చేయడానికి తిండి వేళే మంచిది. పళ్లెం ముందు పెట్టి, 50 మీటర్ల దూరాన స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టించండి, రోజూ కొంచెం దగ్గరకు రండి. దీపావళి వారంలో పిల్లకు ఈ పాఠం ఆపేయండి. ఆ టపాసులకు ఒకసారి బెదిరితే మళ్లీ దారికి తేవడానికి నెలలు పడుతుంది.

నీళ్ల సంగతి మన ఊళ్లో కాస్త తలనొప్పే. హుస్సేన్ సాగర్ మురికి, గండిపేట తాగునీటి చెరువు, రెండూ వద్దు. ఊరి బయట ఫామ్‌హౌస్ కుంటలు దొరుకుతాయి గానీ, ప్లాస్టిక్ షీటు పరిచిన వాటిలోకి దింపకండి. జారే గట్టు ఎక్కలేక ఈత వచ్చిన కుక్క కూడా అలసి మునిగిపోతుంది. మట్టి గట్టు, ఏటవాలు ఒడ్డు ఉన్నచోటే దింపాలి. నీటి మీద పచ్చటి తెట్టు కడితే ఆ రోజు ఇంటికి వెళ్లిపోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బుకు టీకా ముందే వేయించండి. ఒడ్డెక్కగానే ఒళ్లు దులుపుకోవడానికి డమ్మీ పడేస్తుంటే, కొన్నాళ్లు నీటి అంచునే నిలబడి దులపకముందే అందుకోండి.

మంచి కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి. మార్చి దాటితే సూర్యోదయానికి ముందే మొదలుపెట్టి గంటలోపు ముగించాలి. నాలుక వెడల్పై కొస పైకి మెలి తిరిగినా, నడక తూలినా అది వడదెబ్బ. అక్కడికక్కడే ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగిలించండి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి బండి ఎక్కించాలి. వానల తర్వాత పిడుదులు విపరీతం. ఇంటికి రాగానే చెవులు, వేళ్ల సందులు వెతకండి, గడ్డి ముళ్లు దూరేదీ అక్కడే.

నాలుగు కుక్కలు, ఇద్దరు విసిరేవాళ్లు, ఒక జడ్జి కుదిరితే మీరే టెస్ట్ పెట్టుకోవచ్చు. ఒక్కో డమ్మీకి 20 మార్కులు. చెప్పకముందే పరుగెత్తితే సున్నా. నేరుగా వెళ్లిందా, తొందరగా ఎత్తుకుందా, శుభ్రంగా చేతికిచ్చిందా అన్నదాన్ని బట్టి తగ్గించాలి. అసలు ట్రయల్ రుచి తెలియాలంటే ఒక నియమం కలపండి: మొదటి కుక్క వెతికి వదిలేసిన చోటికి రెండోదాన్ని పంపాలి. అది తెస్తే మొదటిది పోటీ నుంచి తప్పుకోవాలి.