వెబ్‌సైట్ ఫీడ్‌బ్యాక్ టూల్స్: పిన్నులు జరిగిపోవడం, తెల్ల పేజీ, రంగుల పేచీ (సమస్య - పరిష్కారం)

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు షాపులకు సైట్లు చేసేవాళ్ళకి మార్పులు ఎలా వస్తాయో తెలిసిందే. ఓనరుగారు ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీత చుట్టి, "బాబూ, ఇది కొంచెం చూడు" అని వాట్సాప్‌లో పడేస్తారు. అది ఒడియా పేజీయా తెలుగు పేజీయా, నిన్నటి సైటా ఇవాళ్టిదా, ఏమీ తెలియదు. అందుకే బగ్‌హెర్డ్, పేస్టెల్ లాంటి టూల్స్ వాడమంటాను. పేజీ మీదే నొక్కి అక్కడే కామెంట్ రాయొచ్చు (నొక్కినచోట పడే గుర్తే పిన్ను), చాలా టూల్స్‌లో బ్రౌజర్ ఏది, స్క్రీన్ సైజు ఎంత అన్నది కూడా దానితోపాటే వస్తుంది. అయితే వీటితోనూ చిక్కులొస్తాయి.

లింకు ఇస్తే తెల్ల పేజీ వస్తోంది

లింకు అతికిస్తే చాలు అనే టూల్స్‌లో చాలావరకు మీ సైటును తమ పేజీలో ఒక ఫ్రేములో తెరుస్తాయి. సైటును ఎవరి ఫ్రేములో తెరవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే సూచనలు కొన్ని ఉంటాయి. మీ సర్వర్ ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్ గానీ, కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో ఫ్రేమ్-యాన్సెస్టర్స్ గానీ పెట్టి ఉంటే బ్రౌజర్ దాన్ని ఆపేస్తుంది. ఎఫ్12 నొక్కి కన్సోల్ (బ్రౌజర్ తప్పులు చూపించే చోటు) చూడండి, ఎర్ర అక్షరాల్లో ఆ పేరే కనిపిస్తుంది. స్టేజింగ్ సైటులో (జనానికి చూపించని పరీక్ష కాపీలో) మాత్రమే ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ తీసేసి, ఫ్రేమ్-యాన్సెస్టర్స్‌లో ఆ టూల్ డొమైన్‌ను చేర్చండి. అసలు సైటులో మాత్రం దయచేసి ముట్టుకోకండి, క్లిక్‌జాకింగ్ (మీ పేజీని కనిపించని ఫ్రేములో పెట్టి మోసంగా క్లిక్ చేయించడం) నుంచి కాపాడేది అదే.

లాగిన్ అయ్యాక వచ్చే పేజీలదైతే కథ వేరు. 2020 నుంచి క్రోమ్, సేమ్‌సైట్ (కుకీ వేరే సైటు నుంచి వెళ్ళొచ్చా లేదా అని చెప్పే సెట్టింగు) అని ఏమీ చెప్పని కుకీలను (లాగిన్‌ని గుర్తుపెట్టుకునే చిన్న సమాచారాన్ని) వేరే సైటు ఫ్రేములోకి పంపడం మానేసింది, కాబట్టి ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా మళ్ళీ లాగిన్ పేజీయే వస్తుంది. అలాంటిచోట ఫ్రేము టూల్ వదిలేసి, ఎక్స్‌టెన్షన్‌తో గానీ సైటులో స్క్రిప్టు పెట్టి గానీ నడిచేదాన్ని ఎంచుకోండి.

పిన్ను పెట్టింది ఒకచోట, కనిపించేది ఇంకోచోట

ఎక్కువ టైము తినేది ఇదే, కారణాలు కూడా ఒకటి కాదు. చాలా టూల్స్ పిన్నును స్క్రీన్ మీద చోటుగా కాకుండా, ఏ ఎలిమెంట్ మీద నొక్కారో దాని సీఎస్ఎస్ సెలెక్టర్‌తో (పేజీ కోడ్‌లో ఆ ముక్కని గుర్తించే పేరుతో) గుర్తుపెట్టుకుంటాయి. మీ ఫ్రేమ్‌వర్క్ ప్రతి బిల్డ్‌కీ (సైటును మళ్ళీ తయారుచేసినప్పుడల్లా) క్లాస్ పేర్లు మార్చేస్తుంటే నిన్నటి పిన్నుకి ఇవాళ ఇల్లు దొరకదు. హెడర్, బ్యానర్, ప్రొడక్ట్ కార్డు లాంటి పెద్ద ముక్కలకు మారని ఐడీలు ఇవ్వండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఫొటోలకు వెడల్పు, ఎత్తు రాయకపోవడం ఇంకో కారణం. స్క్రోల్ చేసేకొద్దీ ఫొటోలు లోడ్ అయి పేజీ కిందికి జరుగుతుంది. చోటు లెక్కతో పెట్టిన పిన్నులైతే ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

మన దగ్గర మాత్రమే ఎక్కువగా కనబడే కారణం భాష. ఒక్క షాపు సైటే ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లో ఉంటుంది. భాషను అడ్రసు చివర ప్రశ్నార్థకం తర్వాత (దాన్నే క్వెరీ అంటారు) పెట్టారనుకోండి, ఆ భాగాన్ని పట్టించుకోని టూల్‌కి మూడూ ఒకే పేజీ. ఒడియాలో మూడు లైన్లు పట్టిన వాక్యం తెలుగులో నాలుగు పడుతుంది, పిన్ను పక్క పేరా మీద కూర్చుంటుంది, మీరేమో బాగున్న పేరాని దిద్దుతారు. టూల్ సెట్టింగుల్లో క్వెరీని కూడా లెక్కలోకి తీసుకునే ఆప్షన్ ఉందేమో చూడండి. లేకపోతే అడ్రసులోనే ఒక్కో భాషకి ఒక్కో ఫోల్డర్ దారి ఇవ్వండి. నన్నడిగితే ఈ రెండోదే మొదటినుంచీ చేయాలి, గూగుల్‌కి కూడా అదే సుఖం.

ఇక ఓనరుగారు 360 పిక్సెళ్ళ ఫోన్లో చూసి పెట్టిన కామెంట్‌ను మీరు 1366 స్క్రీన్ మీద చూస్తే అర్థం కాదు. కామెంట్‌తో వచ్చిన వెడల్పు చూసి, డెవ్‌టూల్స్‌లో (ఎఫ్12తో తెరుచుకునేదే) అదే వెడల్పు పెట్టాకే పని మొదలుపెట్టండి.

స్క్రీన్‌షాట్‌లో ఒత్తులు విడిపోయాయి, ఫొటోలు ఖాళీగా ఉన్నాయి

కొన్ని టూల్స్ నిజంగా ఫొటో తీయవు. పేజీని చదివి కాన్వాస్ మీద మళ్ళీ గీస్తాయి. అందులో వేరే డొమైన్ నుంచి వచ్చే ఫొటోలు సీఓఆర్ఎస్ అనుమతి (వేరే సైటు తన ఫైలు వాడుకోనిచ్చేది) లేక ఖాళీ పడొచ్చు, తెలుగు, ఒడియా అక్షరాలు చెదిరిపోవచ్చు. ముందు అసలు పేజీని ఫోన్లో తెరిచి చూడండి. అక్కడ బాగుంటే తప్పు స్క్రీన్‌షాట్‌దే, ఎక్స్‌టెన్షన్‌తో తీయండి. అసలు పేజీలోనే కింద ఒత్తులు తెగుతుంటే లైన్-హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) చాలడం లేదన్నమాట: ఇంగ్లీషుకి పెట్టిన 1.2 మనకి సరిపోదు, 1.6 దాకా పెంచండి, లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా చేయండి.

"చీర రంగు ఇది కాదు బాబూ"

పట్టుచీరల షాపువాళ్ళు ఇలా అంటే తేలిగ్గా తీసుకోకండి, వాళ్ళ కన్ను రంగు దగ్గర పొరపడటం అరుదు. ముందు ఫోన్లో ఐ కంఫర్ట్ మోడ్, వివిడ్ డిస్‌ప్లే ఆపమనండి. ఆ తర్వాత ఫైలు చూడండి. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 రంగుల్లో ఉంటాయి, కుదించేటప్పుడు ఆ ప్రొఫైల్ (ఏ రంగుల పద్ధతో చెప్పే వివరం) ఊడిపోతే ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. ఎస్ఆర్‌జీబీకి (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతికి) మార్చి సేవ్ చేయాలి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చిందైతే కుంభం అంచు (గుడి ఆకారాల చీర అంచు) మెట్లు కూడా అలుక్కుపోయి ఉంటాయి, డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

మార్చినా పాతదే కనిపిస్తోంది

కారణం క్యాష్, అంటే దాచిపెట్టుకున్న పాత కాపీ. సీడీఎన్ (సైటు కాపీలు దాచే సర్వర్లు) పర్జ్ చేయండి, అంటే పాత కాపీలు తుడిచేయండి, సర్వీస్ వర్కర్ (బ్రౌజర్‌లో కాపీలు దాచే స్క్రిప్టు) ఉంటే అప్‌డేట్ చేయండి, ఫైలు పేరులో వెర్షన్ పెట్టండి.

ఓనరుగారు అసలు టూల్ తెరవడం లేదు

లాగిన్ అడిగితే ఎవరూ తెరవరు. గెస్టుగా కామెంట్ పెట్టనిచ్చే టూల్ ఎంచుకుని, లింకును ఆ వాట్సాప్ గ్రూపులోనే పిన్ చేయండి. మొదటిసారి పక్కన కూర్చుని ఒక్క పిన్ను వాళ్ళ చేత్తోనే పెట్టించండి. ఒక పిన్నుకి ఒకే విషయం అని చెప్పండి. "బాగోలేదు" అని మాత్రమే రాస్తే, "పెద్దదిగా ఉందా, రంగా, రేటు తప్పా అండీ?" అని ఆ కామెంట్ కిందే అడగండి, ఫోన్లో మాట్లాడినా జవాబు అక్కడే రాసిపెట్టండి. పని అయ్యాక పిన్నును మీరు మూసేయకండి, పెట్టినవాళ్ళు వాళ్ళ ఫోన్లో చూసి మూయాలి.