కుడిచెయ్యి కట్టులో ఉండగా కొత్త కామిక్‌ని అమ్ముకోవడం ఎలా

సొంత డబ్బుతో కామిక్ వేసుకునేవాళ్ళకి వెనకాల టీమ్ అంటూ ఎవరూ ఉండరు. బొమ్మ గీసే చెయ్యే సంతకాలు పెడుతుంది, కవర్లు అంటిస్తుంది, అట్టపెట్టెలు మోస్తుంది, అర్ధరాత్రి కూర్చుని పోస్టులు కూడా కొడుతుంది. నాకు ఆ చెయ్యే విరిగింది, అదీ పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాక, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ దగ్గర పడుతుండగా, బండి జారి. కుడి మణికట్టు. ఆ గొడవంతా పడ్డాక నాకు తేలిందేంటంటే, ప్రచారానికి మన మొహం కావాలి, గొంతు కావాలి, చెయ్యితో పని చాలా తక్కువ. అలవాటు కొద్దీ అన్నీ చేత్తో చేస్తున్నాం, అంతే.

ముందు డాక్టర్‌ని అడిగే ప్రశ్న మార్చండి. "ఎప్పటికి తగ్గుతుంది సార్" అంటే "ఆరు వారాలు" అంటారు, మణికట్టుకి పిండికట్టు మామూలుగా అంతకాలమే ఉంచుతారు కాబట్టి. మనమేమో ఏడో వారానికి స్టాల్ బుక్ చేసేస్తాం. తీరా కట్టు విప్పాక చూస్తే మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది, పట్టు పూర్తిగా రావడానికి ఇంకా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకని విడివిడిగా అడగండి: గంటసేపు పెన్ను ఎప్పుడు పట్టుకోవచ్చు, ఐదు కిలోలు ఎప్పుడు ఎత్తొచ్చు, బండి ఎప్పుడు నడపొచ్చు. ఈ చేత్తో బొమ్మలు గీసే బతుకుతున్నానని మొదటిరోజే చెప్పండి. కట్టుతో సరిపెట్టాలా, ఆపరేషన్ చేసి ప్లేట్ వేయాలా అని ఆలోచించేటప్పుడు డాక్టర్లు ఆ మాటని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

ఈలోపు ఇంట్లో ఎవరో ఒకరు "పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేదానికి ఈ ఆస్పత్రుల చుట్టూ ఎందుకురా" అంటారు, మా పెద్దమ్మ అంది. పుత్తూరు మీద నాకేం కోపం లేదు గానీ, మణికట్టులో చిన్న ఎముకలే ఎనిమిది ఉంటాయి, ఎక్స్‌రే తీసి చూడకుండా ఎవరితోనూ చెయ్యి లాగించుకోకండి. కట్టు వేశాక చెయ్యి దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉండాలి, వేళ్ళు ఆడిస్తూ ఉండాలి. వేళ్ళు నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా ఆ సాయంత్రం లైవ్ పెట్టుకున్నా సరే, మానేసి ఆస్పత్రికి పోండి.

ఇక పాఠకులకి చెప్పడం. ఒక్కసారి, పొట్టిగా చెప్పండి. చాలామంది కట్టు ఫొటో, ఎక్స్‌రే ఫొటో, సెలైన్ బాటిల్ ఫొటో వరసగా పెడతారు. దాంతో "త్వరగా కోలుకో అన్నా"లు బోలెడు వస్తాయి, పుస్తకం గురించి ఒక్కరూ అడగరు. పరామర్శకి వచ్చినవాళ్ళ చేతిలో పుస్తకం పెట్టడం మన పద్ధతి కాదు కాబట్టి మొహమాటం అడ్డొస్తుంది కూడా. నేనైతే ఇలా రాయమంటాను: "కుడిచెయ్యి విరిగింది, కట్టులో ఉంది. పుస్తకం అనుకున్న తేదీకే వస్తుంది. స్కెచ్ వేసిచ్చే కాపీలు మాత్రం ఆలస్యమవుతాయి, వాటికి డబ్బు కట్టినవాళ్ళకి విడిగా మెసేజ్ చేస్తాను. ఆర్డర్ లింక్ ఇదీ." అంతే, చెయ్యి గురించి మళ్ళీ మళ్ళీ రాయకండి. కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, అది వాడుకోండి, పేర్లు తప్పు పడతాయి, పంపేముందు ఒకసారి చూసుకుంటే చాలు.

స్కెచ్‌కి డబ్బు కట్టినవాళ్ళ సంగతి మాత్రం నానబెట్టకూడదు, అసలు టెన్షన్ అక్కడే. మూడు దారులు ఇవ్వండి: పుస్తకం ఇప్పుడు తీసుకుని స్కెచ్ తర్వాత విడి కాగితం మీద తీసుకోవడం, స్కెచ్ బదులు ముందెప్పుడో గీసిన బొమ్మతో అచ్చేసిన స్టిక్కర్ తీసుకోవడం, లేదా స్కెచ్‌కి కట్టిన డబ్బు యూపీఐలో వెనక్కి తీసుకోవడం. తేదీ అడిగితే డాక్టర్ చెప్పినదానికి ఇంకో నెల కలిపి చెప్పండి. సంతకానికి ఇంకా తేలిక ఉపాయం ఉంది. స్టాంప్ ప్యాడ్ కొనుక్కుని ఎడమ బొటనవేలి ముద్ర వేయండి, పక్కన రెండు గీతల కళ్ళూ ముక్కూ ఉన్న చిన్న రబ్బరు స్టాంపు చేయించుకుంటే అదే ఒక బొమ్మవుతుంది. జీవితమంతా బొమ్మలు గీసి చివరికి వేలిముద్రగాణ్ణయ్యానని జోకులేస్తారు, వేసుకోనివ్వండి, అలాంటి కాపీ మళ్ళీ దొరకదు.

స్టాల్ విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది: కట్టుతో బుక్ ఫెయిర్ మొత్తం కూర్చోవద్దు. అది పదిరోజుల వ్యవహారం, దుమ్ము, ఆదివారం తోపులాట, ఎవరో ఒకరి బ్యాగు చేతికి తగలక మానదు. మీ పుస్తకాలు వేరే పబ్లిషర్ స్టాల్‌లో కమీషన్ మీద పెట్టించి, రెండు సాయంత్రాలు మాత్రం "ఫలానా టైమ్‌కి ఉంటాను" అని చెప్పి వెళ్ళండి. జనం మీకోసం ఆ టైమ్‌కే వస్తారు, అమ్మకం కూడా అప్పుడే జరుగుతుంది. కామిక్ కాన్ లాంటివి రెండుమూడు రోజులే కాబట్టి తోడు మనిషి ఉంటే చేయొచ్చు. తోడు వచ్చినవాళ్ళు బిల్లు, చిల్లర, క్యూఆర్ కోడ్ చూసుకోవాలి, మీరు మాట్లాడాలి.

బరువు లెక్క వేసుకోండి. ఏ4 సైజులో 48 పేజీలంటే 24 ఆకులు, 130 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 130 గ్రాములు తూగే) ఆర్ట్ పేపర్ మీద అట్టతో కలిపి కాపీకి సుమారు 230 గ్రాములు. వంద కాపీల పెట్టె 23 కిలోలు! ఒంటిచేత్తో దాన్ని జరపబోతే ఈసారి నడుం పోతుంది. ప్రెస్సువాళ్ళకి ముందే చెప్పి 25 చొప్పున కట్టించండి, ఆరు కిలోల లోపు వస్తుంది, అది కూడా పక్కవాళ్ళే ఎత్తాలి. పోస్టులో పంపేవాటికి టేపు జోలికి పోకండి, ఒంటిచేత్తో టేపు చింపడం నరకం. పైన అంటించే జిగురు పట్టీ ఉన్న కొరియర్ కవర్లు దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. అడ్రసులు ప్రింట్ తీయించండి.

లైవ్ డ్రాయింగ్ పోయింది కదా, దాని బదులు? మీ పాత ఫైళ్ళు తెరవండి. బొమ్మలు గీసే యాపుల్లో ప్రోక్రియేట్ దానంతటదే గీత గీతా రికార్డు చేసి ఉంచుతుంది, క్లిప్ స్టూడియోలో ముందే ఆన్ చేసి ఉంటే టైమ్‌లాప్స్ (గీసిందంతా వేగంగా తిరిగే వీడియో) ఉంటుంది. వాటిని బయటికి తీయడానికి ఒక బొటనవేలు చాలు. దాని మీద మీ గొంతుతో "ఈ పేజీలో వాన మొదట లేదు, డైలాగ్ ఎక్కువైపోయిందని వాన పెట్టి నాలుగు మాటల బెలూన్లు తీసేశాను" అని చెప్పండి. కొత్తగా గీసి చూపించేదానికంటే జనానికి ఇదే ఎక్కువ నచ్చుతుంది. పనికిరాదని పక్కన పడేసిన పేజీలు, పెన్సిల్ చిత్తులు కూడా ఇప్పుడు పనికొస్తాయి.

ఎడమచేత్తో గీసే వీడియో సరదాకి ఒకటి చేయండి. రోజూ చేస్తే రెండో చెయ్యి, భుజం కూడా పట్టేస్తాయి. నొప్పి మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా సంతకాలు పెట్టేద్దామనే ఐడియా అసలు వద్దు, ఆపమని చెప్పేది ఆ నొప్పే కదా. మత్తుగా ఉండే మాత్రలైతే ఆ పూట ఎవరితోనూ కమీషన్ బేరాలు కూడా మాట్లాడకండి.

డబ్బు గురించి ఒక మాట. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అనుకోవద్దు, అది మరణానికి, శాశ్వత వైకల్యానికే, విరిగి అతుక్కునే ఎముకకి ఏమీ రాదు. పనిచేయలేని వారాలకి డబ్బిచ్చే ప్రమాద బీమా పాలసీలు వేరే ఉన్నాయి, ఈసారికి కాకపోయినా రెన్యువల్ టైమ్‌లో అడగండి.

కట్టు విప్పాక ఫిజియోథెరపీకి వెళ్ళేటప్పుడు మీ పెన్నూ, టాబ్లెట్ స్టైలసూ వెంట తీసుకెళ్ళి, రోజూ ఎలా పట్టుకుంటారో పట్టి చూపించండి. స్పాంజి బంతి నొక్కే వ్యాయామం అందరికీ ఇస్తారు, పెన్ను పట్టుకి కావలసింది మనం అడిగితేనే చెప్తారు. మొదట్లో లావు పెన్సిల్‌తో, వాళ్ళు చెప్పినన్ని నిమిషాలే. బాకీ ఉన్న స్కెచ్‌లు కూడా ఆ నిమిషాల్లోనే, డబ్బు ముందు కట్టినవాళ్ళవి ముందు.