పీసీఓఎస్‌కి చైనా మూలికలు: వాడాలనుకుంటే ఎలా వాడాలి?

గుంటూరు కొత్తపేటలో మా మందుల షాపు. చుట్టూ గైనకాలజిస్టుల క్లినిక్‌లే, అందుకే పీసీఓఎస్‌కి (పీరియడ్స్ తప్పించే అండాశయాల, హార్మోన్ల సమస్య) డాక్టర్లు రాసే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రల చీటీతో వచ్చే ఆడపిల్లలు చాలామంది. ఈమధ్య కొందరు చీటీతో పాటు ఫోన్‌లో ఒక ఫొటో కూడా చూపిస్తున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చైనా టీ ప్యాకెట్టో, సింగపూర్ నుంచి వదిన పంపిన నల్లటి గోళీల సీసానో ఉంటుంది అందులో. "ఆంటీ, ఇది నేచురలే కదా, ఏం కాదుగా?" అని అడుగుతారు. ఉమ్మెత్తకాయ కూడా నేచురలేనమ్మా అంటాను. వాడొద్దని ఎవరినీ ఆపలేను. వాడేదుంటే మందులాగే వాడండి.

ముందు అసలు పీసీఓఎస్ ఉందో లేదో ఖాయం చేసుకోండి. స్కాన్ రిపోర్టులో ఒక్క ముక్క కనిపించగానే ఉన్నట్టు కాదు. పీరియడ్స్ సరిగా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం (గడ్డం కింద వెంట్రుకలు, మొండి మొటిమలు, లేదా రక్తపరీక్షలో తేలడం), స్కాన్‌లో అండాశయాల నిండా చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి కనిపించడం. 2003 రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం ఈ మూడింట్లో రెండు ఉండాలి. టీనేజి పిల్లలకైతే స్కాన్‌ని లెక్కలోకే తీసుకోరు. థైరాయిడ్ తేడా ఉన్నా, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగినా పీరియడ్స్ తప్పుతాయి కాబట్టి ఆ రెండూ చూపించుకోవాలి. మూలికలు మొదలుపెట్టే ముందే షుగర్, బీపీ, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించి రిపోర్టులు దాచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే, అది ముందు నుంచీ ఉందా, మూలికతో వచ్చిందా అని తేల్చడానికి అవే ఆధారం.

ఇక ఆ సీసా సంగతి. చైనా వైద్యంలో పీసీఓఎస్‌కి అందరికీ ఒకే మూలిక అంటూ ఉండదు. నాడి పట్టుకుని, నాలుక చూసి, మనిషి తత్వాన్ని బట్టి చాలా మూలికలు కలిపి ఇస్తారు. కఫం ఎక్కువ, ఒళ్లు బరువు అనుకున్నవాళ్లకి త్సాంగ్ ఫు దావో తాన్ అనే కషాయం లాంటిది రాస్తారు. కాబట్టి అందరికీ ఒకటే 'పీసీఓఎస్ టీ' అని అమ్మేది వాళ్ల పద్ధతి ప్రకారం చూసినా సరైంది కాదు. మన ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి కానీ చైనా వైద్యం లేదు. నాకు మూలికా వైద్యమే కావాలి అనుకునేవాళ్లకి విజయవాడలో డాక్టర్ ఎన్.ఆర్.ఎస్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ కనీసం చీటీ మీద సంతకం పెట్టే డాక్టరు ఉంటారు.

లేబుల్ మీద ప్రతి మూలికకీ శాస్త్రీయ నామం, ఎంత మోతాదు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ఒక అమ్మాయి తెచ్చిన డబ్బా మీద పువ్వు బొమ్మ, 'సీక్రెట్ ఫార్ములా' అనే మాట తప్ప ఇంకేం లేవు. అలాంటిది ఇంట్లో పెట్టుకోకండి. పేర్ల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో ఒక చైనా మూలికకి బదులు అరిస్టోలోకియా అనే విష మూలిక కలిసిపోయింది. వాడిన ఆడవాళ్లలో చాలామందికి కిడ్నీలు పోయాయి. లేబుల్ మీద అరిస్టోలోకియా, ఎఫెడ్రా, ట్రిప్టెరీజియం కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఈ మూడోది వస్తున్న పీరియడ్స్‌ని కూడా ఆపేయగలదు. జుట్టుకని అమ్మే పాలిగోనమ్ మల్టిఫ్లోరమ్‌తో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. చప్పున బరువు తగ్గుతారని రాసి ఉంటే మరీ అనుమానించండి. గుండెకి ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందుని అలాంటి వాటిలో గుట్టుగా కలిపి పట్టుబడ్డవాళ్లు ఉన్నారు.

ఎక్కువగా కనిపించే మూలికల్లో అతిమధురం ఒకటి. చైనా కషాయాల్లో అది లేనిది తక్కువ. తియ్యగా ఉంటుంది, గొంతుకి మంచిదని మనమూ చప్పరిస్తాం. రోజూ మోతాదు మించితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు, అవాంఛిత రోమాలకి స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో అమ్మ కాచే దగ్గు కషాయంలోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి లెక్కేసుకోండి.

దాల్చినచెక్క కూడా అంతే. చైనా మందుల్లో వాడేది, మన బజార్లో మందంగా గరుకుగా దొరికేది కాసియా రకం. అందులోని కూమరిన్ అనే పదార్థం కొందరి లివర్‌కి పడదు. బిర్యానీలో ముక్కతో ఏమీ కాదు గానీ, రోజూ చెంచాడు పొడి వేణ్నీళ్లలో తాగడం వేరే సంగతి. దాంగ్ గుయ్ అనే వేరు రక్తం పల్చబడే మందులతో కలవకూడదు.

బెర్బెరిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. హువాంగ్ లియెన్ అనే చేదు వేరులో ఉంటుంది, మన మానుపసుపులోనూ ఉంది. షుగర్ తగ్గిస్తుందన్నది నిజమే. గర్భం కోసమైతే మాత్రం 2016లో చైనాలోనే 644 మంది మీద చేసిన పరీక్ష చూడండి. అండం విడుదలవడానికి డాక్టర్లు ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వాడినవాళ్లలో 36 శాతం మందికి పిల్లలు పుట్టారు, బెర్బెరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 22 శాతం మందికి. రెండూ కలిపినా అదనంగా ఒరిగింది లేదు. మిగతా చైనా మూలికల మీద ఉన్న అధ్యయనాలు చిన్నవి, ఆధారం బలహీనమని, వైద్య పరీక్షలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలు కూడా చెప్పాయి. బెర్బెరిన్‌ని మెట్‌ఫార్మిన్‌తో కలిపితే విరేచనాలు, కడుపునొప్పి ఎక్కువవుతాయి.

మొదలుపెడితే ఒక్కటే మొదలుపెట్టండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు సొంతంగా ఆపొద్దు. గోడ క్యాలెండర్ మీద పీరియడ్స్ తేదీలు, మూలిక మొదలుపెట్టిన రోజు రాసుకోండి. 'నాకెప్పుడూ లేటే కదా' అని ఊరుకోకుండా, పెళ్లయినవాళ్లు పీరియడ్ ఆలస్యమైతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. పాజిటివ్ వస్తే మూలికలు ఆ రోజే మానేసి డాక్టరుకి చెప్పాలి. బెర్బెరిన్ కడుపులో బిడ్డకి మంచిది కాదు. మూడు నెలలు దాటినా పీరియడ్స్ రాకపోతే ఇంకో సీసా కోసం ఎదురుచూడొద్దు. గర్భసంచి లోపలి పొర అలా పెరుగుతూ పోవడం మంచిది కాదు, దానికి వేరే మాత్రలున్నాయి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా, కాళ్లు వాచినా వెంటనే ఆపి, ఆసుపత్రికి సీసా కూడా పట్టుకెళ్లండి. చాలామంది భయంతోనో, డాక్టరు తిడతారనో సీసా పారేస్తారు. అందులో ఏముందో తెలిస్తేనే వైద్యం త్వరగా మొదలవుతుంది. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. మనమే నేరుగా ఫోన్ చేసి చెప్పొచ్చు.