బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నా కిడ్నీ ఎందుకు వదలదు: ద్రవం, క్లోరైడ్ సరిచేసే పద్ధతి

మూడు రోజులుగా వాంతులవుతున్న పేషెంటు రిపోర్టు చూద్దాం. సోడియం 134, పొటాషియం 2.8, క్లోరైడ్ 84, బైకార్బొనేట్ 38, రక్తం పీహెచ్ 7.50. క్రియాటినిన్ పెద్దగా పెరగలేదు. వాంతులతో కడుపులోని ఆమ్లం పోయి, రక్తంలో క్షార గుణమున్న బైకార్బొనేట్ పెరిగింది; దీన్నే మెటబాలిక్ ఆల్కలోసిస్ అంటారు. బైకార్బొనేట్ ఇంత ఎక్కువగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ గంటల్లోనే మూత్రంలోకి వదిలేయాలి. వదలడం లేదంటే ఒంట్లో ద్రవం, క్లోరైడ్, పొటాషియం తగ్గి దాని చేతులు కట్టేశాయన్నమాట.

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తాయి. లీటరుకు 24 మిల్లీమోల్స్ చొప్పున 4,300 మిల్లీమోల్స్‌కు పైగా బైకార్బొనేట్ కిడ్నీలోని సన్నని గొట్టాలైన ట్యూబ్యూల్స్‌లోకి దిగుతుంది. అందులో 80 శాతం దాకా ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోనే, అంటే ఆ గొట్టం మొదటి భాగంలోనే, రక్తంలోకి వెనక్కి వస్తుంది. ద్రవం తగ్గితే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పెరిగి, అక్కడ సోడియంను లోపలికి లాగి హైడ్రోజన్‌ను బయటికి పంపే మార్పిడి జోరందుకుంటుంది. సోడియంతో పాటు బైకార్బొనేట్ కూడా రక్తంలోకి చేరుతుంది. గొట్టం చివరి భాగమైన కలెక్టింగ్ డక్ట్‌లో ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ హైడ్రోజన్‌ను మూత్రంలోకి ఇంకా తోయిస్తుంది. బైకార్బొనేట్‌ను బయటికి పంపే కణాలూ అక్కడే ఉన్నాయి. కానీ అవి పెండ్రిన్ అనే ప్రోటీన్ ద్వారా క్లోరైడ్‌ను తీసుకుంటేనే బైకార్బొనేట్‌ను ఇవ్వగలవు. ట్యూబ్యూల్‌లో క్లోరైడ్ లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే. చాలామంది పట్టించుకోనిది ఇదే.

ద్రవం ఎక్కువైతే దీనికి తలకిందులుగా జరుగుతుంది, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ బైకార్బొనేట్‌ను తక్కువగా పట్టుకుంటుంది. ప్రాక్సిమల్ ఆర్‌టీఏలో (ఆ భాగం బైకార్బొనేట్‌ను సరిగా పట్టుకోలేని జబ్బు) థయజైడ్ అనే మూత్రం పెంచే మందు ఇచ్చి కావాలనే ద్రవం కాస్త తగ్గించడం ఈ సూత్రం మీదే.

ఇక చేయాల్సిన పని. సెలైన్ పెట్టకముందే స్పాట్ యూరిన్ (ఒక్కసారి పట్టిన మూత్రం) తీసి సోడియం, పొటాషియం, క్లోరైడ్, పీహెచ్ నాలుగూ పంపండి. సోడియం ఒక్కటే చూస్తే మోసపోతారు. పై పేషెంటుకు మూత్రంలో సోడియం 45, క్లోరైడ్ 8, పీహెచ్ 7.5 వచ్చిందనుకోండి. వాంతులు సాగుతుండగా కొత్తగా పెరిగే బైకార్బొనేట్‌ను కిడ్నీ అంతా పట్టుకోలేదు; మూత్రంలోకి పోయే ఆ కొంత బైకార్బొనేట్ తనతో సోడియంను లాక్కుపోతుంది, అందుకే 45. ద్రవం తగ్గిన సంగతి నిజంగా చెప్పేది ఆ 8. వాంతులు ఆగాక సోడియం కూడా పడిపోతుంది, పీహెచ్ 6 కంటే దిగుతుంది.

మూత్రంలో క్లోరైడ్ 20 కంటే తక్కువైతే సెలైన్‌కు లొంగుతుంది. 40 దాటితే, డైయూరెటిక్ (మూత్రం పెంచే మందు) ప్రభావం ఇంకా ఉందేమో ముందు అడగండి. అది లేకుండా బీపీ ఎక్కువుంటే ఆల్డోస్టెరాన్ ఎక్కువయ్యే జబ్బుల వైపు, మామూలుగా ఉంటే బార్టర్, గిటెల్‌మన్ అనే వంశపారంపర్య కిడ్నీ జబ్బుల వైపు ఆలోచించాలి.

ఎక్కించాల్సింది 0.9 శాతం సెలైన్. లీటరులో 154 మిల్లీమోల్స్ క్లోరైడ్ ఉంటుంది. బీపీ పడిపోయి ఉంటే 500 మి.లీ. వేగంగా ఇచ్చి మళ్లీ పరీక్షించండి. నిలకడగా ఉంటే గంటకు 100 నుంచి 150 మి.లీ. చాలు. మెడ నరం, ఊపిరితిత్తుల అడుగు భాగాలు చూస్తూ ఉండాలి. రింగర్ లాక్టేట్ ఇక్కడ సరైన ఎంపిక కాదు: క్లోరైడ్ 109 మాత్రమే, పైగా అందులోని లాక్టేట్ లివర్‌లో బైకార్బొనేట్‌గా మారుతుంది.

పొటాషియం క్లోరైడ్ రూపంలోనే ఇవ్వండి, సిట్రేట్ సిరప్ వద్దు. మూత్రం వస్తోందని చూసుకున్నాకే, లీటరుకు 40 మిల్లీమోల్స్ మించకుండా, చేతి నరంలో గంటకు 10 మిల్లీమోల్స్ చొప్పున. ఎప్పుడూ బోలస్‌గా (ఒక్కసారిగా) ఇవ్వకూడదు. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే ఇన్సులిన్ పెరిగి రక్తంలో పొటాషియం ఇంకా పడిపోతుంది. పొటాషియం ఎంతకీ పెరగకపోతే మెగ్నీషియం చూడండి.

వాంతులు ఆగాక, చికిత్స పని చేస్తోందని ముందుగా చెప్పేది మూత్రమే: స్ట్రిప్ మీద పీహెచ్ 7 దాటుతుంది, క్లోరైడ్ పెరుగుతుంది. పీహెచ్ ఇంకా 6 కిందే ఉంటే ద్రవమో పొటాషియమో సరిపోలేదు.

గుండె బలహీనతతో కాళ్లు వాచి, ఫ్యూరోసెమైడ్ అనే డైయూరెటిక్ మీదున్న వాళ్లకు సెలైన్ ప్రమాదం. డైయూరెటిక్ మోతాదు తగ్గించే వీలుందేమో చూసి, పొటాషియం సరిచేసి, బైకార్బొనేట్‌ను మూత్రంలోకి పంపే అసెటజోలమైడ్ 250 నుంచి 500 మి.గ్రా. ఇస్తారు. ఆ మందుతో పొటాషియం మరింత పడిపోతుంది కాబట్టి రోజూ చూడాలి. సిరోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకు మాత్రం అసెటజోలమైడ్ వాడకూడదు, అమోనియా పెరిగి మగత, అయోమయం రావచ్చు.