మీ బృందం పేరును ఇంటర్నెట్‌లో మీ చేతిలోనే ఉంచుకోవడం ఎలా?

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. అప్పటిదాకా అందులో పాటలు, ఆటలు పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లంతా మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అంతకుముందు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడ్డాయి. కారణాలు వేరువేరు. నష్టం మాత్రం ఒకటే: మన పేరు, మనల్ని చూసేవాళ్ల జాబితా కంపెనీ దగ్గరే ఉండిపోయాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తప్పెటగుళ్ల బృందాలు, జముకుల కథ చెప్పేవాళ్లు, పొందూరు నేతగాళ్లు, బొబ్బిలి వీణ చేసేవాళ్లు ఇప్పుడు ఫోనుతో వీడియో తీసి ఎక్కడో ఒకచోట పెడుతూనే ఉన్నారు. ఆ శ్రమ ఒక్క యాప్‌తో పోకుండా ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. కంప్యూటర్ కోర్సు అక్కర్లేదు. ఒక ఆదివారం, కొంచెం ఓపిక, డిగ్రీ చదివే కుర్రాడో అమ్మాయో పక్కన ఉంటే చాలు.

దీనికి దారి డీసెంట్రలైజ్డ్ వెబ్, అంటే ఒకే కంపెనీ చేతిలో లేని వెబ్. వేరువేరు వాళ్లు నడిపే సర్వర్లు (ఖాతాలు, పోస్టులు దాచి ఉంచే కంప్యూటర్లు) ఉమ్మడి నియమాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈమెయిల్ ఎప్పటినుంచో ఇలాగే నడుస్తోంది: జీమెయిల్ నుంచి యాహూకి ఉత్తరం వెళ్తుంది కదా. సోషల్ మీడియాకు అలాంటి నియమావళి యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. చిన్న చిన్న పోస్టుల కోసం మాస్టోడాన్, ఫొటోల కోసం పిక్సెల్‌ఫెడ్, వీడియోల కోసం పీర్‌ట్యూబ్ దాని మీదే నడుస్తాయి. మాస్టోడాన్ లాంటిదే అయిన బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్ అనే వేరే నియమావళి.

ఇందులో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో డబ్బు ఏమీ లేదు, ఎన్‌ఎఫ్‌టీ అనే డిజిటల్ యాజమాన్య పత్రాలూ లేవు. "మీ పాటను ఎన్‌ఎఫ్‌టీ చేసి అమ్మిపెడతాం, ముందు కొంత కట్టండి" అని ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపేయండి.

మొదటి పని: ఎవరి పేరో తేల్చుకోండి

కంప్యూటర్ ముందు కూర్చోకముందే బృందమంతా ఒకచోట కూర్చోవాలి. ఖాతా గురువుగారి పేరు మీదా, బృందం పేరు మీదా, ఊరి పేరు మీదా? ఇది చిన్న విషయం కాదు. ఊళ్లో పది కుటుంబాలు ఒకే పని చేస్తున్నప్పుడు ఒకరు వెళ్లి ఊరి పేరునే తన వెబ్ చిరునామాగా కొనుక్కుంటే తగాదా తప్పదు. బొబ్బిలి వీణకు, బుడితి ఇత్తడి సామానుకు జీఐ (ఫలానా చోటి సరుకు అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉంది. అంటే ఆ పేరు చేసేవాళ్లందరి ఉమ్మడి సొత్తు. నా సలహా: మీ ఇంటి పేరునో బృందం పేరునో ముందు పెట్టి, ఊరి పేరును వెనక చేర్చండి. ఊరి పేరు ఒక్కటే పెట్టాలనుకుంటే సంఘం పేరు మీద, సంఘం తీర్మానంతోనే పెట్టండి.

రెండో మాట, తాళం ఎవరి దగ్గర? మన వైపు ఖాతాలన్నీ తెరిచేది ఒక కుర్రాడే. ఆరు నెలల్లో అతనికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం వస్తుంది, పాస్‌వర్డ్ కూడా రైలెక్కుతుంది. బృందం కోసం కొత్త ఈమెయిల్ తెరవండి. రికవరీ నంబరు ఊళ్లో ఉండేవాళ్లది ఇవ్వండి. పాస్‌వర్డ్, రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ఇద్దరి ఇళ్లలో దాచండి.

రెండో పని: డొమైన్ కొనండి

డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో మీ సొంత చిరునామా. మొత్తంలో డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే, కానీ దీన్ని మాత్రం వదలొద్దు. డాట్ ఇన్ చిరునామా సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మోసపోకండి, రెన్యువల్ ధర ఎంతో చూడండి.

స్పెల్లింగ్ దగ్గర కాసేపు ఆగండి. తప్పెటను ఇంగ్లీషులో ఉత్త 'టి'తో రాసేవాళ్లు కొందరు, 'టి', 'హెచ్' కలిపి రాసేవాళ్లు కొందరు. ఫోనులో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైపు చేయగలిగే పేరే మంచి పేరు. నలుగురితో టైపు చేయించి చూసి, అప్పుడు కొనండి. తెలుగు లిపిలో డాట్ భారత్ చిరునామాలు కూడా దొరుకుతాయి. కానీ చాలా యాప్‌లు వాటిని ఇంకా సరిగ్గా తీసుకోవు, కాబట్టి అది రెండోదిగానే ఉండనివ్వండి.

వెబ్‌సైట్ చేసిపెట్టే షాపువాళ్లకు పని అప్పగిస్తే ఒక్క షరతు పెట్టండి: డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి. వాళ్ల ఖాతాలో ఉంటే రేపు మాటా మాటా వచ్చినప్పుడు మీ పేరు వాళ్ల చేతిలో చిక్కుకుంటుంది.

ఆ డొమైన్ మీద ఒక్క పేజీ చాలు. మీరెవరు, ఏ ఊరు, ఏం చేస్తారు, ప్రోగ్రాంకి ఎలా పిలవాలి, నాలుగు ఫొటోలు. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట ఇలాంటి పేజీని ఉచితంగా ఉంచుకోవచ్చు.

మూడో పని: ఖాతాలు తెరిచి డొమైన్‌కు ముడిపెట్టండి

మన వైపు కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న "మీదే ఊరు?" అనే. మాస్టోడాన్ చిరునామా కూడా అంతే: ముందు మీ పేరు, తర్వాత సర్వర్ పేరు. ఏ సర్వర్‌లో ఉన్నా మిగతా సర్వర్ల వాళ్లతో మాట్లాడొచ్చు. అయినా సర్వర్‌ను చూసి ఎంచుకోండి. నడిపేది ఎవరు, ఖర్చు ఎలా వెళ్లదీస్తున్నారు, తిట్లూ కులం పేరుతో దూషణలూ వస్తే ఏం చేస్తారు అన్నవి వాళ్ల 'అబౌట్' పేజీలో రాసి ఉంటాయి. ఏమీ రాయని సర్వర్ జోలికి పోకండి. యూజర్‌నేమ్ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పైన కనిపించే పేరు మాత్రం హాయిగా తెలుగులో పెట్టుకోవచ్చు.

ప్రొఫైల్ మార్చే చోట 'వెరిఫికేషన్' అని ఉంటుంది. అక్కడ ఇచ్చే ఒక లైను కోడ్‌ను మీ వెబ్ పేజీలో పెట్టి, మీ వెబ్ చిరునామాను ప్రొఫైల్‌లో రాయండి. ఆ లింకు పక్కన పచ్చ టిక్ వస్తుంది. పైసా కట్టక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆ డొమైన్ మీదే అని మీరే రుజువు చేసుకున్నట్టు.

బ్లూస్కైలో ఇంకా బాగుంటుంది: మీ డొమైనే మీ హ్యాండిల్ (ఖాతా పేరు) అవుతుంది. సెట్టింగుల్లో హ్యాండిల్ మార్చే చోట సొంత డొమైన్ ఉందని చెబితే ఒక టీఎక్స్‌టీ రికార్డు (ఒక చిన్న అక్షరాల వరుస) చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి, డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాలు ఉండే) సెట్టింగుల్లో అతికించండి. ఒక్కోసారి వెంటనే పడుతుంది, ఒక్కోసారి కొన్ని గంటలు పడుతుంది. టెన్షన్ వద్దు. హ్యాండిల్ మారినా ఫాలోవర్లు పోరు, ఎందుకంటే లోపల ఖాతాకు మారని గుర్తింపు సంఖ్య వేరే ఉంటుంది.

వాట్సాప్, ఇన్‌స్టా, యూట్యూబ్ మూసేయమని నేను అనను. ప్రోగ్రాంలకు పిలిచేవాళ్లు, చీరలు కొనేవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాటన్నిటి బయోలో మీ డొమైన్ పెట్టండి.

నాలుగో పని: పెట్టేది సరుకున్నదై ఉండాలి

మాస్టోడాన్‌లో మీ పోస్టును ఎవరికో తోసిపెట్టే అల్గారిథమ్ ఉండదు. మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు, హ్యాష్‌ట్యాగ్ వెతికేవాళ్లు, ఎవరైనా బూస్ట్ చేస్తే (తమవాళ్లకు మళ్లీ పంచితే) వాళ్లవాళ్లు, ఎక్కువగా చూసేది వీళ్లే. హ్యాష్‌ట్యాగ్ తెలుగులోనూ పనిచేస్తుంది. ఇంకొకరి పోస్టుకు జవాబివ్వకుండా మన వీడియోలు మాత్రం కుమ్మరిస్తే మొదటి నెలలోనే నీరసం వస్తుంది. తెలుగువాళ్లు అక్కడ ఇంకా తక్కువే, అది ముందే తెలుసుకుని వెళ్లండి.

'మా నేత' అని ఒక ఫొటో పెడితే ఎవరూ ఆగరు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని రాసి, ఆ దవడ చేతిలో ఉన్న ఫొటో పెట్టండి. ఎక్కడో జర్మనీలో చేనేత పిచ్చి ఉన్నవాళ్లు కూడా ప్రశ్నలు వేస్తారు. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేయడం, తప్పెటను ఛాతీ మీద కట్టుకోవడం, ఇలాంటి పని వివరాలకే విలువ. ఫొటో కింద వివరణ రాసే పెట్టె ఉంటుంది. అందులో తెలుగులోనే రాయండి, చూపు లేనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది.

అసలు ఫైళ్లు మాత్రం మీ దగ్గరే హార్డ్‌డిస్క్‌లో ఉండాలి, తేదీ, ఊరు, పాడినవాళ్ల పేర్లతో. పాత పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్న తెలుగు కథలు ఇవాళ ఒకచోట దొరుకుతున్నాయంటే, 1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు కథానిలయం పెట్టబట్టే. మీ బృందం పాటలకు ఆ పని ఇంకెవరో వచ్చి చేయరు.

హక్కుల సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. తరతరాల పాటకు ఒక రచయిత ఉండకపోవచ్చు, కానీ పాడినవాళ్లకు మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల హక్కు ఇస్తుంది. వాళ్లను అడిగే పెట్టాలి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు అనుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టండి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, అందుకే అన్ని వీడియోలకూ ఒకేసారి పెట్టేయకుండా ఒకటి రెండింటితో మొదలుపెట్టండి. పిల్లల ముఖాలున్నవి పెట్టేముందు వాళ్ల ఇంట్లో అడగండి. ఇక్కడ పోస్టు వేరే సర్వర్లకు కాపీలుగా వెళ్తుంది. మీరు తీసేసినా అన్ని చోట్లా పోతుందన్న హామీ లేదు. మాస్టోడాన్‌లో ప్రైవేటు మెసేజీలు కూడా సర్వర్ నడిపేవాళ్లు చూడగలరు, కాబట్టి బ్యాంకు వివరాలు అందులో పంపకండి.

ఐదో పని: ఇల్లు మారడం ముందే నేర్చుకోండి

చిన్న సర్వర్లు మూతపడుతుంటాయి. పూర్తిగా మూతపడకముందే వేరే సర్వర్‌లో కొత్త ఖాతా తెరిచి, కొత్తదాని సెట్టింగుల్లో పాత ఖాతాను అలియాస్‌గా (మారుపేరుగా) చేర్చి, పాతదాని నుంచి 'మూవ్' నొక్కాలి. ఫాలోవర్లు కొత్త ఖాతాకు వస్తారు. పోస్టులు రావు. అందుకే అప్పుడప్పుడూ ఆర్కైవ్ (మీ పోస్టులన్నీ ఉండే ఫైలు) దింపుకోండి. ఏడు రోజులకు ఒకసారి అడగొచ్చు. మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితాను వేరే ఫైలుగా దింపి కొత్త చోట ఎక్కించుకోవచ్చు. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి, కాబట్టి తొందరపడి ఏదో ఒక సర్వర్‌కు దూకకండి. మారిన రోజే మీ వెబ్ పేజీలో కొత్త లింకు పెట్టి, పచ్చ టిక్ కోసం కొత్త లైను కోడ్ అతికించండి.